వీధిలో నడిచేది ఎవరు? ఆమదాలవలస రోడ్డు నుంచి కొన్ని చారిత్రక ప్రశ్నలు

పట్నాల నడిబొడ్డున మోటారు బళ్ళు ఆపేసి, నేల మీద రాతిపలకలు పరిచి, బెంచీలు వేసి, 'ఇది నడిచేవాళ్ళ వీధి' అని బోర్డు పెట్టడం ఇప్పుడు ప్రణాళికా నిపుణులకి బాగా నచ్చిన పని. ఢిల్లీలో చాందినీ చౌక్‌లో, చెన్నైలో పాండీ బజార్‌లో, హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టూ ఇదే జరిగింది. పెద్ద నగరాల్లో మొదలైంది జిల్లా కేంద్రాలకీ, వాటి వెనక చిన్న పట్నాలకీ రావడం మనకి తెలిసిన వరసే. దీని గురించి ఇంజనీర్లు రాస్తున్నారు, ఆర్కిటెక్టులు రాస్తున్నారు. వాళ్ళ రాతల్లో వీధి వెడల్పు ఉంటుంది, చెట్టు నీడ ఉంటుంది, దుకాణాల వ్యాపారం ఎంత పెరుగుతుందో ఉంటుంది. కులం మాత్రం ఉండదు. నడిచే మనిషికి వాళ్ళ దృష్టిలో రెండు కాళ్ళు తప్ప మరే చరిత్రా లేదు.

ఈ దేశంలో వీధిలో నడవడం అందరికీ ఒకే రోజు రాలేదు. దాని కోసం తీర్మానాలు పెట్టాల్సొచ్చింది, సత్యాగ్రహాలు చెయ్యాల్సొచ్చింది, చివరికి రాజ్యాంగంలో రాసుకోవాల్సొచ్చింది. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ మెట్టెక్కిన మొదటి తరం మేము. గ్రంథాలయాల్లో పట్టణ చరిత్ర పుస్తకాలు తిరగేస్తే మునిసిపాలిటీ పుట్టిన తేదీ దొరుకుతుంది, ఛైర్మన్ల పేర్లు దొరుకుతాయి. ఆ మునిసిపాలిటీ వీధిని తెల్లారేసరికి ఊడ్చినవాళ్ళ పేరు దొరకదు. అందుకని ఈ వ్యాసంలో ఆమదాలవలసని ముందు పెట్టుకుని, వీధికీ మనకీ ఉన్న సంబంధాన్ని మొదట్నించీ చూడాలనుకుంటున్నాం.

మా వాదన ఒక్కటే. వీధిలో మనకి పని ముందొచ్చింది, నడక చాలా ఆలస్యంగా వచ్చింది. ఊడవడానికి పిలిచిన వీధిలోనే నడవొద్దన్నారు. పోరాడి నడక తెచ్చుకున్నాం. ఇప్పుడు 'నడక వీధి' పేరు చెప్పి అదే వీధిలో మన పనిని, అంటే అమ్ముకునే చోటుని, తీసేస్తున్నారు. నడక, పని రెండూ కలిపి అడిగితే తప్ప ఈ చరిత్ర ముందుకు కదలదు.

1. పేరులో రోడ్డున్న స్టేషను

ఆమదాలవలసలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. రైల్వే వాళ్ళ లెక్కలో 'రోడ్' అని తగిలిస్తే, ఆ పేరున్న ఊరు స్టేషన్ దగ్గర లేదనీ, అక్కడ దిగి రోడ్డు మీద పోవాలనీ అర్థం. శ్రీకాకుళం ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల పైనే ఉంది. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవాళ్ళు, స్టేషన్ అప్పుడు చికాకోల్ రోడ్. పేరు మారినా రైల్వే కోడ్ మాత్రం ఇప్పటికీ 'సి.హెచ్.ఇ.' గానే మిగిలింది. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు కోస్తా రైలు మార్గం 1893-96 మధ్య పడింది. ఆ మార్గం జిల్లా మొత్తానికి తలుపు తీసింది ఆమదాలవలసలోనే.

ఊరి పేరు చివర 'వలస' అని ఉంది. కళింగాంధ్రలో ఈ మాట తగిలిన ఊళ్ళు లెక్కలేనన్ని. ఇలాంటి ఊరు పక్కన రైలు ఆగడంతో పాత అగ్రహారాల ఊళ్ళకి భిన్నంగా ఇంకో రకం పట్నం పెరిగింది. గుడి చుట్టూ నాలుగు మాడవీధులు వేసుకుని పెరిగే పట్నం కాదిది. స్టేషన్ నుంచి బయటికి పోయే రోడ్డుని పట్టుకుని పెరిగింది. బండివాడు, కూలీ, సరుకు దించేవాడు, కాఫీ హోటలు, గంపలో పళ్ళు పెట్టుకున్న ముసలమ్మ, వీళ్ళంతా రైలు వేళల్ని బట్టి చేరారు.

రైలు కులాన్ని పోగొట్టిందని చాలామంది రాశారు. మూడో తరగతి పెట్టెలో అందరూ పక్కపక్కన కూచున్నారు గదా అని వాళ్ళ వాదన. టికెట్టు కొన్నవాడిని రైలు దించెయ్యలేదు, అంతవరకూ నిజమే. స్టేషన్ బయట సంగతేంటి? అంబేద్కర్ తన చిన్ననాటి సంగతి ఒకటి రాసుకున్నారు. 1901లో గోరేగాంలో ఉన్న తండ్రి దగ్గరికి పిల్లలు రైల్లో బయల్దేరి మసూర్ స్టేషన్‌లో దిగారు. రైలు వాళ్ళని తీసుకొచ్చింది. స్టేషన్ బయట ఎడ్లబండి వాళ్ళు మహర్ పిల్లలని తెలిసి ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకుంటే, బండివాడు పక్కన నడిచి వచ్చాడు. రైలు ఆగిన చోటునుంచి రోడ్డు మొదలవుతుంది. రోడ్డు మొదలైన చోటునుంచి కులం మొదలవుతుంది. పేరులోనే రోడ్డున్న స్టేషన్ గురించి రాసేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదు.

2. ఊడ్చేవాళ్ళకి వీధి ఉంది, వీధిలో చోటు లేదు

కళింగాంధ్ర పట్నాల్లో 'వీధి' అంటే దారి మాత్రమే కాదు, నివాసం కూడా. కుమ్మరి వీధి, మంగలి వీధి, రెల్లి వీధి అంటారు. ఊళ్ళల్లో మాలపేట ఎలా దూరంగా ఉంటుందో, పట్నంలో రెల్లి వీధి కూడా ఒక చివరికి, కాలువ పక్కకో దిబ్బ పక్కకో ఉంటుంది. విశాఖపట్నంలో రెల్లి వీధి ఎవర్నడిగినా చెప్తారు.

ఇంగ్లీషు వాళ్ళ కాలంలో మునిసిపాలిటీలు ఏర్పడ్డప్పుడు వాటికి మొట్టమొదట కావల్సొచ్చింది వీధులు ఊడ్చే మనుషులు, మరుగుదొడ్ల మలం ఎత్తే మనుషులు. ఉత్తర కోస్తాలో ఈ పనికి రెల్లి వాళ్ళని పెట్టారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల రెల్లి కులం గురించి చదివితే తోటపని, గడ్డి కోత, పళ్ళ అమ్మకం, పాకీపని పక్కపక్కనే కనిపిస్తాయి. ఇప్పటికీ ఈ జిల్లాల్లో రెల్లి కుటుంబాల బతుకు ఈ రెండు దారుల్లోనే ఎక్కువగా సాగుతోంది. ఒకరు మునిసిపాలిటీలో చీపురు పట్టుకుంటారు, ఇంకొకరు అదే వీధిలో పళ్ళో కూరగాయలో పెట్టుకుని కూచుంటారు. ఒకే ఇంట్లో అత్త చీపురు, కోడలు గంప. ఇది వాళ్ళు కోరుకున్న వృత్తి విభజన కాదు. చదువు, భూమి, దుకాణం మూడూ అందనివాళ్ళకి మిగిలింది వీధి.

ఇక్కడ చరిత్రకారులు గమనించని ఒక వైచిత్రి ఉంది. వీధి శుభ్రంగా ఉండాలంటే ఈ మనుషులు కావాలి. వాళ్ళు శుభ్రం చేసిన వీధిలో తెల్లారాక కనిపించకూడదు. పని వేళ చీకటితో మొదలుపెట్టడానికి దుమ్ము, రద్దీ అని కారణాలు చెప్తారు. ఆ వేళకి ఇంకో పాత కారణం కూడా ఉంది, అది కంట పడకపోవడం. మలం చేత్తో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, అది చాలక 2013లో మళ్ళీ ఇంకోటి తెచ్చారు. రెండోసారి చట్టం చెయ్యాల్సిరావడమే మొదటిది ఏం చేసిందో చెప్తుంది.

షెడ్యూల్డ్ కులాల వర్గీకరణలో కూడా రెల్లి వాళ్ళ పేరు ముందుంటుంది, వాటా చివర ఉంటుంది. 1997లో 'ఎ' గ్రూపు, 2025లో ఆంధ్రప్రదేశ్ చేసిన కొత్త వర్గీకరణలో మొదటి గ్రూపు. రెండుసార్లూ ఒక్క శాతమే. అంటే ఆఫీసులో కుర్చీ దొరికేది కొద్దిమందికే. మిగిలినవాళ్ళకి వీధే ఆఫీసు, వీధే పొలం. కాబట్టి వీధిని మార్చడమంటే వాళ్ళ పొలాన్ని మార్చడమే.

3. 1924: ఒకే ఏడాది, ఒకే ప్రశ్న

1924 మార్చి 30న తిరువాన్కూరు సంస్థానంలో వైకోం సత్యాగ్రహం మొదలైంది. చాలామంది దాన్ని గుడి ప్రవేశం ఉద్యమం అనుకుంటారు. కాదు. గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద అవర్ణులు నడవడానికి జరిగిన పోరాటం అది. దాదాపు ఇరవై నెలలు నడిచి 1925 నవంబరులో ఆగేసరికి మూడు వైపుల రోడ్లు తెరిచారు. తూర్పు వైపు రోడ్డు సవర్ణులకే మిగిలింది. ఇరవై నెలల సత్యాగ్రహానికి దక్కింది ముప్పావు వీధి అన్నమాట.

అదే 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టారు. ఏ ఊళ్ళోనైనా, ఏ పట్నంలోనైనా ప్రజల రోడ్డు, వీధి, బాట మీద ఏ వర్గం మనిషైనా నడవొచ్చు. ప్రజల బావి, చెరువు, ఆఫీసు వాడుకోవచ్చు అని దాని సారం. మండలి ఒప్పుకుంది. సెప్టెంబరులో ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. అప్పటికి శ్రీకాకుళం, ఆమదాలవలస ప్రాంతం గంజాం జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉంది. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. కాబట్టి స్టేషన్ రోడ్డు మీద నడిచే హక్కుకి మన ప్రాంతంలో పుట్టినరోజు అడిగితే 1924నే చెప్పాలి. రైలు వచ్చిన దాదాపు ముప్పై ఏళ్ళకి గానీ రోడ్డు రాలేదు.

ఉత్తర్వు వచ్చిన వెంటనే ఏం జరిగిందో పాలక్కాడు దగ్గర కల్పాత్తి అగ్రహారం చూపించింది. మద్రాసు రాజధానిలోనే ఉన్న ఆ ఊళ్ళో, ఉత్తర్వు చూసుకుని ఈళవులు అగ్రహారం వీధిలో అడుగుపెడితే గొడవైంది. ఈ వీధి ప్రజలది కాదు, మా సొంతం అన్నది అగ్రహారీకుల వాదన. ఈ వాదనని గుర్తు పెట్టుకోవాలి. 'ఎవరైనా నడవొచ్చు' అని చట్టం చెప్పినప్పుడల్లా, 'కానీ ఇది అందరి వీధి కాదు' అనే వాదన వెంటనే తయారవుతుంది. మాటలు మారతాయి, వాదన మారదు. అప్పుడు అన్నది ఆచారం, మడి. ఇప్పుడు అనేది వారసత్వ ప్రాంతం, అందం, రద్దీ.

ఆ తర్వాత 1938లో మద్రాసు ప్రభుత్వం సామాజిక అనర్హతల తొలగింపు చట్టం చేసింది. 1950లో రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లు అనే మాట కూడా రాసింది. చదువుకున్నవాళ్ళు ఈ క్లాజుని తొందరగా దాటేస్తారు. రోడ్డు మీద నడవడానికి రాజ్యాంగం అవసరమైందంటే అది ఎలాంటి రోడ్డో ఆలోచించరు. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం, అదే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది, అందులో కూడా రోడ్డు, బాట ఉన్నాయి. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలో దారి హక్కుని అడ్డుకోవడం నేరం. ఒకే చిన్న పని కోసం, కాళ్ళతో నడవడం కోసం, ఇన్ని చట్టాలు.

4. పట్నం అన్నీ మర్చిపోతుందా?

పల్లె కులాన్ని చూస్తుంది, పట్నం డబ్బునే చూస్తుంది అని అంటారు. అంబేద్కర్ మనల్ని పల్లె వదిలి రమ్మన్నది నిజమే. పట్నంలో పేరు అడక్కుండా టీ ఇస్తారు, పక్కన కూచోనిస్తారు. మేమూ ఆ మేలు పొందినవాళ్ళమే. అలాగని పట్నం వీధికి కులం లేదనుకుంటే పొరపాటు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ గొడవకి మొదలు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులపు కుర్రాడికి తగలడం. టికెట్టు కొనుక్కుని కూచున్న చోటులో కూడా మన కాలు ఎక్కడుండాలో వాళ్ళే చెప్పాలి. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది.

చిన్న పట్నాల్లో ఈ సంగతి ఇంత రక్తంతో కనిపించదు. 'ఆక్రమణ' అనే మాటతో కనిపిస్తుంది. బజారు రోడ్డు ఇరుకైపోయింది అని పత్రికలు రాస్తాయి. ఎవరివల్ల? దుకాణదారు కాలువ మీద పలకలేసి మెట్లు ముందుకి తెస్తాడు, పైన రేకు దింపుతాడు, ముందు నాలుగు మోటారు సైకిళ్ళు నిలబెట్టిస్తాడు. అది వ్యాపారం. దాని పక్కన రెండడుగుల గోనెపట్టా పరుచుకుని ఆకుకూర పెట్టుకున్న మనిషి మాత్రం ఆక్రమణదారు. రోజూ ఆశీలు కట్టేదీ ఆవిడే. మునిసిపాలిటీ ఆశీలు వేలం వేస్తుంది, పాటదారు చీటీ చింపి డబ్బు తీసుకుంటాడు. డబ్బు తీసుకున్న చోటునే మర్నాడు ఖాళీ చెయ్యమంటారు. చోటుకి కిరాయి ఉంది, హక్కు లేదు.

5. నడక వీధులు: ఎవర్ని పిలిచారు, ఎవర్ని పంపారు

ఇప్పుడు నడక వీధుల సంగతికి వద్దాం. యుద్ధంలో కూలిన రోటర్‌డామ్ నగరంలో 1953లో లైన్‌బాన్ అనే దుకాణాల వీధిని నడిచేవాళ్ళకే కట్టారు. కోపెన్‌హాగన్‌లో స్ట్రాయెట్ వీధిలో 1962లో మోటార్లు ఆపేశారు. దుకాణదారులు మొదట్లో భయపడ్డారు, తర్వాత వ్యాపారం పెరిగింది. అమెరికాలో కాలమజూ పట్నం 1959లో మొదటి నడక వీధి వేసింది, దాన్ని చూసి చాలా పట్నాలు వేశాయి. ఊరి బయట పెద్ద దుకాణ సముదాయాలు లేచాక జనం అటు పోయారు, వీధులు పాడుబడ్డాయి. కాలమజూలోనే 1998లో కొంతమేర మళ్ళీ కార్లు వదిలారు. దీన్నిబట్టి ఒక పాఠం స్పష్టంగా ఉంది. రాళ్ళు పరిస్తే నడక వీధి అయిపోదు. రోజువారీ పని మీద జనం ఎక్కడికి వస్తారో అక్కడే అది బతుకుతుంది.

మన దేశంలో జనానికి కొదవ లేదు. వచ్చిన జనంలో ఎవర్ని ఉండనిచ్చారన్నదే చూడాలి. చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా, కిలోమీటరుకి పైగా, బాగుచేసి 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటార్లు రాకూడదు. అదే వీధిని అమ్మకాలు నిషేధించిన ప్రాంతంగా కూడా ప్రకటించారు. అంటే కొనేవాడు నడవొచ్చు, గంపవాడు నిలబడకూడదు. వీధిని కాళ్ళకి ఇచ్చామన్నారు, కొన్ని కాళ్ళకే ఇచ్చారు.

పాండీ బజార్‌లో 2019 నవంబరులో వెడల్పు ఫుట్‌పాత్‌లతో నడక ప్రాంగణం తెరిచారు. అంతకుముందే, 2013లో, ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్ళని అంతస్తుల భవనంలోకి మార్చారు. వీధిలో నడిచే మనిషి కంటికి ఆనాల్సిన సరుకు మెట్లెక్కి వెళ్ళి కూచుంది. ఈ బజారు పేరుకి ఒక చరిత్ర ఉంది. జస్టిస్ పార్టీ నాయకుడు సౌందరపాండ్యన్ నాడార్ పేరు మీదే ఇది పాండీ బజార్ అయిందని చెప్తారు. ఆయన రామనాథపురం జిల్లా బోర్డు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, దళితుల్ని ఎక్కించుకోని బస్సులకి లైసెన్సు రద్దు చేస్తామన్నారు. రోడ్డు మీద తిరిగే బస్సు అందరిదీ అన్న మనిషి పేరున్న వీధి అది. ఆ వీధిని బాగుచేసేటప్పుడు అమ్ముకునేవాళ్ళని ముందు తీసి, తర్వాత రాళ్ళు వేశారు.

చార్మినార్ సంగతి మనకి ఇంకా దగ్గర. 1591లో కట్టిన ఆ కట్టడం చుట్టూ పొగ తగ్గించాలని, బళ్ళని పక్కదారులకి మళ్ళించి రాళ్ళు పరిచే పథకం దశాబ్దాల పాటు నడిచింది. కట్టడానికి మేలు చేసే పనే, కాదనం. అక్కడ తోపుడుబండ్ల మీద పళ్ళు, గాజులు, చెప్పులు అమ్మేవాళ్ళు ఎక్కువమంది పేద ముస్లింలు. వాళ్ళ చోటు సంగతి మాత్రం ప్రతిసారీ చివర చూద్దామనే ప్రశ్నగానే మిగిలింది. కట్టడం వారసత్వం అయింది, దాని నీడలో తరతరాలుగా అమ్ముకున్న మనిషి అడ్డు అయ్యాడు.

ఈ మూడు చోట్లా మేము చూసింది ఒకటే పద్ధతి. నడిచేవాడు అంటే సంచీ పట్టుకుని కొనడానికి వచ్చినవాడు. తల మీద గంప పెట్టుకుని నడిచేది నడక కిందికి రాదు. చీపురు పట్టుకుని వీధి చివర్నించి చివరికి నడిచేది అసలే రాదు. రోజంతా అందరికంటే ఎక్కువ నడిచే ఇద్దరూ ఈ లెక్కలో పాదచారులు కారు.

6. సంత ఎవరు డిజైన్ చేశారు?

నడక వీధి మనకి పడమటి దేశాలు నేర్పింది కాదు. కళింగాంధ్రలో వారానికోసారి సంత జరుగుతుంది. పొద్దున్న ఖాళీగా ఉన్న బాట మధ్యాహ్నానికి బజారవుతుంది, సాయంత్రానికి మళ్ళీ బాటవుతుంది. సీతంపేట కొండల నుంచి అనాస, పనస, చింతపండు, కొండచీపుర్లు దిగుతాయి. సవరలు, జాతాపులు, మాలలు, రెల్లి వాళ్ళు, మైదానం రైతులు ఒకే బాటలో కూచుంటారు. బళ్ళు సంత బయట ఆగుతాయి. ఎవరి వరస ఎక్కడో అలవాటు మీద తెలిసిపోతుంది. సంతలో కూడా తూకంలో మోసం ఉంది, ఎండుచేపలు, పంది మాంసం అమ్మేవాళ్ళని ఓ మూలకి తోసే కులం ఉంది. దాన్ని స్వర్గమని మేము అనడం లేదు. కానీ వీధిని గంటల లెక్కన పంచుకోవచ్చని, అమ్మేవాళ్ళు లేకుండా నడిచేవాళ్ళు రారని సంతకి తెలుసు. నిపుణుల నివేదికలకి అది ఇంకా తెలియాలి.

సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో ఇదే సంగతి చట్టం భాషలో చెప్పింది. రోడ్డు దాటిపోవడానికి మాత్రమే కాదు, ఫుట్‌పాత్ మీద అమ్ముకోవడం కూడా నియంత్రణకి లోబడిన వృత్తి హక్కే అంది. పాతికేళ్ళ తర్వాత, 2014లో, వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దానిలో మనకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ముందు సర్వే చెయ్యాలి, సర్వే అయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. లేపాల్సొస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకి తగిన చోటు ఉండాలి. జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలి.

ఈ లెక్క ఆమదాలవలసకి వేసి చూద్దాం. 2011 జనగణన ప్రకారం మునిసిపాలిటీ జనాభా దాదాపు 40 వేలు. రెండున్నర శాతమంటే వెయ్యి మంది. వెయ్యి మందికి వీధిలో చోటు అడిగే వీలు చట్టం ఇస్తోంది. పల్లెల నుంచి, కొండ ఊళ్ళ నుంచి పొద్దున్న బస్సులో వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళు ఊరి జనాభాలో ఉండరు. వాళ్ళని సర్వే రోజున లెక్కపెడతారా, రాత్రి అక్కడ పడుకునేవాళ్ళనే లెక్కపెడతారా అన్నది చిన్న ప్రశ్న కాదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఇదే చట్టం మొదటి సెక్షన్‌లోనే, రైల్వేల అధీనంలో ఉన్న స్థలాలకీ, రైళ్ళకీ ఇది వర్తించదని రాసి ఉంది. ఆమదాలవలస లాంటి పట్నం స్టేషన్ వల్ల పుట్టింది. వీధి వ్యాపారం కూడా స్టేషన్ ముందే చిక్కగా ఉంటుంది. సరిగ్గా ఆ చోటునే చట్టం ఆగిపోతుంది. రైల్వే హద్దురాయికి ఇటు కూచున్న మనిషికి సర్వే ఉంది, నోటీసు ఉంది, కమిటీ ఉంది. అటు కూచున్న మనిషికి ఏమీ లేదు. రైలూ రోడ్డూ కలిసే చోట మన హక్కు తెగిపోవడం మసూర్ స్టేషన్ నాటి కథే, వేషం మారింది.

2020లో వచ్చిన పీఎం స్వనిధి పథకం వీధి వ్యాపారులకి మొదటి విడతగా 10 వేల అప్పు ఇచ్చింది. రోజు వడ్డీ వాళ్ళ చేతిలోంచి కొందరు బయటపడ్డా మంచిదే. కానీ సరుకుకి అప్పిచ్చి, సరుకు పెట్టుకునే చోటు ఇవ్వకపోతే ఆ అప్పు తీరేదెలా?

7. ముందే అడగాల్సినవి

ఆమదాలవలసలో ఇప్పటికి చాందినీ చౌక్ లాంటి నడక వీధి లేదు. అందుకే ఇప్పుడే మాట్లాడాలంటున్నాం. రాళ్ళు పరిచాక మాట్లాడితే ధర్నాలే మిగుల్తాయి. నడక వీధికి మేము వ్యతిరేకులం కాదు. లారీకీ కారుకీ భయపడుతూ నడిచేది ఎక్కువగా మనవాళ్ళే, బండి లేనివాళ్ళే. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ హక్కు మనకి అందరికంటే ఎక్కువ కావాలి. ఫుట్‌పాత్ మీద అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఆ టేపు పట్టుకుని కొలవడం దుకాణం మెట్ల దగ్గర, నిలబెట్టిన మోటారు సైకిళ్ళ దగ్గర మొదలుపెట్టమనండి. గంప దగ్గరికి చివర రావొచ్చు.

పటం గీసేముందు మనుషుల్ని లెక్కపెట్టాలి. సంత రోజూ, మామూలు రోజూ, తెల్లవారుజామునా, రైళ్ళ వేళా విడివిడిగా లెక్కపెట్టాలి. ఎవరు ఏ చోట ఎన్నేళ్ళుగా కూచుంటున్నారో, ఏ కులం వాళ్ళో రాయాలి. కులం రాయకపోతే కమిటీలో ఎస్సీ, ఎస్టీల చోటు కాగితం మీదే ఉంటుంది. అమ్ముకునే చోటు వీధిలోనే, నేల మట్టానే ఉండాలి, మేడ మీద కాదు. రైల్వే స్థలంలో ఉన్నవాళ్ళకి మునిసిపాలిటీ, రైల్వే కలిసి అదే రక్షణ ఇవ్వాలి. చట్టం మినహాయించినంత మాత్రాన ఇవ్వొద్దని ఎక్కడా లేదు. ఆశీలు చీటీని ఆ చోటులో ఎన్నాళ్ళుగా ఉన్నారో చెప్పే సాక్ష్యంగా తీసుకోవాలి. డబ్బు తీసుకున్నప్పుడు గుర్తుపట్టిన మనిషిని, హక్కు అడిగినప్పుడు ఎవరో తెలీదనడం కుదరదు.

ఇంక చీపురు. కొత్త వీధికి రాళ్ళకి ఎంత, దీపాలకి ఎంత అని అంచనా వేస్తారు. ఊడ్చేవాళ్ళ జీతం, చేతి తొడుగులు, బట్టలు మార్చుకునే గది, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఆ అంచనాలోనే ఉండాలి. కాంట్రాక్టరు నెత్తిన వదిలేస్తే అది చివరికి ఊడ్చేవాళ్ళ నెత్తినే పడుతుంది. ఊడ్చే పని ఒక్క కులానికే రాసిపెట్టినట్టు సాగడం కూడా ఆగాలి. అందమైన వీధిని రోజూ అందంగా ఉంచే పనికి అన్ని కులాల వాళ్ళూ ఎందుకు రారు?

1924లో మండలిలో లేచి నిలబడి అడిగింది, ప్రజల వీధిలో ప్రజలు నడవొద్దా అని. వందేళ్ళు దాటింది. నడుస్తున్నాం. ఇప్పుడు అడగాల్సింది ఆ వీధిలో ఆగడం గురించి. గంప దించుకుని, చెట్టు నీడన కూచుని, ధర చెప్పి, బేరం ఆడి, పొద్దుపోయాక ఇంటికి పోయే హక్కు గురించి. ఆగనివ్వని వీధి మనకి ఎంత నునుపైన రాళ్ళు పరిచినా సగం వీధే. వైకోంలో మూడు రోడ్లు తెరిచి నాలుగోది మూసినట్టు, మనకి నడక ఇచ్చి నిలకడ మూస్తామంటే ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.